చేతులొకరివి, తలొకరిది

‘క్రాప్’ అన్నది చిన్న మాట. పొలంగట్టు మీద వినబడితే పంట. సెలూన్లో వినబడితే జుట్టు. ఫోటో స్టూడియోలో వినబడితే తలకాయ. తలుపులమ్మ విన్నది స్టూడియో మాటే గానీ, ఆవిడకి అర్థమైంది మాత్రం సెలూన్ మాట.

పోయిన వారం ఆవిడ రాజమండ్రి ఫోటోగ్రాఫరు జీవరాజుకి ఫోన్ చేసి, “మా అమ్మాయి పెళ్ళి ఆల్బం ఎప్పుడిస్తారు బాబూ?” అని అడిగింది కదా. జీవరాజు ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే, అవతల ఎవరితోనో “పెళ్ళికూతురి ఫాదర్‌ని క్రాప్ చెయ్యాలి, మర్చిపోవద్దు!” అని అరిచి, ఆ వెంటనే “ఆదివారం మీ వియ్యంకులింటికే తెస్తున్నానమ్మా, మీరూ వచ్చెయ్యండి” అని పెట్టేశాడు. తలుపులమ్మ ఒక్క పరుగున రేవులోకెళ్ళి, వల బాగుచేసుకుంటున్న మొగుడితో, “ఏవయ్యో, ఆదివారం మళ్ళీ ఫోటోలు తీస్తారంట. నిన్ను క్రాపు చేయించుకు రమ్మన్నారు” అంది. త్రిమూర్తుల్ని సెలూన్ కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి గుడ్డ కట్టించి, మనం ఆపేశాం.

ఈ వారం ఆయన కుర్చీలోంచి లేచాడు. నెత్తిన క్రాపు, క్రాపు మీద నల్లరంగు, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా. అద్దంలో తనని తానే గుర్తుపట్టలేదు. అప్పటికే తనని ఎవరూ గుర్తుపట్టకుండా చేసే పని వేరేచోట పూర్తయిపోయిందని ఆయనకి తెలీదు.

కథ మధ్యలో దిగినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మండపేట పక్క ఊళ్ళో మాగాణినీ మీసాన్నీ సమానంగా పెంచిన తాతాజీగారికి ఒక్కడే కొడుకు, గణేష్‌బాబు. కాకినాడలో ఓ కంపెనీలో మేనేజరు. అతను అంతర్వేది వైపు రేవులో పడవేసుకుని చేపలు పట్టే త్రిమూర్తులు కూతురు వీరవేణిని ప్రేమించాడు. తాతాజీ మీసం ముందు కిందికి దిగి, తర్వాత పక్కకి తిరిగి, చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. కన్యాదానం త్రిమూర్తులు చెయ్యకూడదు, తమవైపు పరువైన జంట ఎవరైనా చెయ్యాలి. “మా నాన్న కడగని కాళ్ళ వెంట నేను ఏడడుగులు వెయ్యను” అంది వీరవేణి. నెగ్గింది. త్రిమూర్తులు పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్ళు కడిగాడు.

ఆ తర్వాత మళ్ళీ ఆ గుమ్మంలోకి ఆయన్ని పిలిచినవాళ్ళు లేరు. ఈ ఆదివారం పిలుపు కూడా వీరవేణి అత్తింట్లో పోరుపెట్టి సాధించుకున్నదే. “ఆ కన్యాదానం ఫోటో అందరి ముందూ కూర్చుని చూద్దాం నాన్నా. ఈ ఇంటికి నువ్వేమవుతావో నేను చెప్పక్కర్లేదు, ఫోటోయే చెబుతుంది” అంది. త్రిమూర్తులు అన్నాడు: “వస్తానమ్మా. కానీ ఈసారి మర్యాద తప్పితే మాత్రం మరింక రాను. నువ్వే రేవుకొచ్చి చూసుకోవాలి నన్ను.”

అదండీ పందెం. ఒక్క ఫోటో మీద ఒక తండ్రి రాకపోకలు.

తలుపులమ్మ స్టీలు క్యారేజీ నిండా చీరమేను, అదే గోదాట్లో చీరలతో పట్టే సన్నచేపల కూర, తెచ్చింది. గడప దాటగానే సంపూర్ణమ్మ మూత తీసి చూసింది. సంపూర్ణమ్మ అంటే తాతాజీగారి భార్య. ఆవిడది నోరు కాదు, నూరు. ఎదురొచ్చినవాళ్ళని వచ్చినట్టే నూరేస్తుంది.

“వియ్యపురాలు చీర తెస్తుందేమో అనుకున్నాను. చీరమేను తెచ్చారా వదినగారూ? కట్టుకోడానికి పనికిరాదు గానీ కడుపులోకి వెళ్తుంది లెండి” అని క్యారేజీని వేళ్ళ కొసలతో పట్టుకుని వంటింట్లోకి పంపించింది.

హాల్లో సోఫాలున్నాయి. సోఫాల్లో సోఫాలకి తగ్గవాళ్ళున్నారు. త్రిమూర్తులు దంపతులకి పెరట్లోంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి, టీవీకి బాగా పక్కగా వేయించారు. అక్కడ కూర్చుంటే టీవీ కనబడదు, టీవీ చూసేవాళ్ళ మొహాలు కనబడతాయి.

“ఏం త్రిమూర్తులూ, కొత్తగా ఉన్నావేంటి?” అన్నారు తాతాజీ. వియ్యంకుణ్ణి ‘బావగారూ’ అనాలి. ఆ మాట పెళ్ళినాటి నుంచీ ఆయన గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది.

“ఆయ్. క్రాపు చేయించుకోమన్నారంట కదండీ.”

“ఎవరు?”

“ఫోటోలాయనండి.”

సోఫాలు కిలకిలలాడాయి. మూల పడక్కుర్చీలో ఉన్న వీరమ్మ, అంటే తాతాజీగారి తల్లి, కళ్ళజోడు సర్దుకుని పరీక్షగా చూసింది. “రంగు కూడా ఏయించినట్టున్నాడ్రా. మెడ మీదకి కారిపోతంది. తుడుచుకో నాయనా, కాలరు పాడైపోద్ది.”

త్రిమూర్తులు తుడుచుకున్నాడు. చెయ్యి నల్లబడింది. ఆ చేతిని ఎక్కడ పెట్టాలో తెలీక తొడ కింద పెట్టుకున్నాడు. వీరవేణి తండ్రి కుర్చీ వెనకాల వచ్చి నిలబడింది.

అప్పుడొచ్చాడు జీవరాజు, సూట్‌కేసంత పెట్టెతో. పెట్టెలో ఆల్బం, ఆల్బంలో బరువు, జేబులో పెన్ డ్రైవ్.

“సెవెన్ థౌజండ్ ఫోటోలండి మీవాళ్ళ పెళ్ళికి! మా నాన్నగారు జన్మంతా తీసినా అన్ని తీసుండరు” అన్నాడు. తండ్రి కష్టపడి బతికాడన్న జాలి లేదు ఆ మాటలో. ఎంత తక్కువ తీశాడో అన్న జాలి ఉంది.

నిజమే, ఆ తండ్రి రోజుల్లో రీలుకి ముప్ఫై ఆరే. ఒక్కో ఫ్లాషూ ఆచితూచి వెలిగేది. వెలిగే ముందు పెళ్ళిజనమంతా ఊపిరి బిగబట్టేవారు. ఆ క్షణంలో కళ్ళు మూసుకున్నవాడు గోడ మీద బతికినన్నాళ్ళూ కళ్ళు మూసుకునే ఉండేవాడు. గిట్టనివాణ్ణి తీసెయ్యాలంటే కత్తెర కావాలి. కత్తిరిస్తే కన్నం మిగిలేది. ఆ కన్నం వంక చూసి మనవలు “ఇక్కడెవరుండేవారు?” అని అడిగేవారు. వాడు ఉన్నప్పటికన్నా లేనప్పుడే ఎక్కువ కనబడేవాడు.

ఇప్పుడు కన్నం మిగలదు. అప్పట్లో జనం ఫోటో దిగేవారు, ఇప్పుడు ఫోటోలోంచి దించేస్తున్నారు. అప్పుడు ఫిల్ము కడిగేవారు, ఇప్పుడు మనిషినే కడిగేస్తున్నారు. ఎడిటింగ్ అని పేరే గానీ చాలా ఇళ్ళలో అది ఏడిపింగ్. ఫోటోషాప్ అని అందరూ అంటున్నారు, శాపం అనడానికి నోరు తిరక్క.

పోనీ చుట్టాలైనా తీసుకోరా అంటే, ఇవాళ కెమెరా లేని జేబు లేదు. తలుపులమ్మ తమ్ముళ్ళు కూడా ఆ రోజు ఫోన్లు పైకెత్తారు. “ఫ్రేములోకి చేతులొస్తున్నాయండి, ఫోన్లు లోపల పెట్టండి, క్లీన్‌గా రావాలి!” అని జీవరాజు మనుషులు వాళ్ళని మండపం కిందికి తోసేశారు. కింద నుంచి తీసినవాటిలో ముందు నిలబడ్డవాళ్ళ వీపులొచ్చాయి. మిగతావాటిలో సొంత బొటనవేళ్ళొచ్చాయి.

“పెన్ డ్రైవ్ ఇలా ఇవ్వండి జీవరాజుగారూ. ముందు నేనొకసారి లాప్‌టాప్‌లో చెక్ చేస్తాను” అన్నాడు గణేష్‌బాబు, ఫోన్లోంచి తలెత్తి.

“ఎందుకండీ? అందరం ఒకేసారి చూద్దాం” అంది వీరవేణి.

“అది కాదు వేణీ, టీవీలో ఓపెనవుద్దో లేదో…”

“మా నాన్న తెల్లవారుజామున బయల్దేరి వచ్చాడండి.”

జీవరాజు ఇద్దరి మొహాలూ చూసి, పెన్ డ్రైవ్ తీసుకెళ్ళి టీవీకే పెట్టాడు.

మొదట ఆకాశం నుంచి తీసిన ఇల్లొచ్చింది. తాతాజీ తన డాబాని గద్ద చూసినట్టు చూసుకుని మురిసిపోయారు. తర్వాత పెళ్ళికొడుకు వాచీ, పెళ్ళికొడుకు బూట్లు, బూట్ల మీద పడ్డ వెలుతురు. తర్వాత మగపెళ్ళివారి వరస, ఒక్కొక్కళ్ళ మొహమ్మీద మీగడ రాసినట్టు మెరుపు. వాళ్ళ వెనక కుర్చీల్లో ఎవరో ఉన్నారు. మనుషులని తెలుస్తోంది, ఎవరని తెలియడం లేదు.

“అది మావాళ్ళ వరస కదూ? మసగ్గా ఉన్నారేంటండీ?” అంది తలుపులమ్మ, టీవీ కనబడేలా మెడ బాగా సాచి.

“దాన్ని బొకే అంటారమ్మా. ముందున్నవాళ్ళు బాగా కనబడాలంటే వెనకున్నవాళ్ళు అలా కరిగిపోవాలి.”

“బొకే అంటే పూలగుత్తి కదా బాబూ?”

“మా వైపు వాళ్ళకి పూలది ఇచ్చాం వదినగారూ, మీ వైపు వాళ్ళకి మసకది సరిపోయింది” అంది సంపూర్ణమ్మ.

మళ్ళీ సోఫాలు నవ్వాయి. వీరవేణి పళ్ళ బిగువున నిలబడింది. ఇంకెంతసేపు? ఒక్క ఫోటో రావాలి. అది వచ్చాక ఈ నవ్వులన్నీ ఎవరి నోట్లో వాళ్ళు మింగుతారు.

వచ్చింది.

మంచి ఫోటో. ఎంత మంచి ఫోటో అంటే, నీళ్ళధార గాలిలో ఆగిపోయి గాజుకడ్డీలా మెరుస్తోంది. చెంబు వంచుతున్నది తలుపులమ్మ, మొహంనిండా పసుపు, ఒళ్ళంతా పట్టు. పళ్ళెంలో పెళ్ళికొడుకు పాదాలు. పాదాల మీద రెండు నల్లటి చేతులు. చేతుల వెనక తెల్లటి ఉత్తరీయం. ఉత్తరీయం పైన మెడ. మెడ పైన తల.

తలకి మీసం. అది తాతాజీగారి మీసం.

హాల్లో అందరూ టీవీ వైపు వంగారు.

ప్లాస్టిక్ కుర్చీలోంచి టీవీ సగమే కనబడుతున్న త్రిమూర్తులు ముందుకి వంగి, అందరూ అంత శ్రద్ధగా చూస్తున్నందుకు సంతోషపడి, “నేనింకా రాలేదండి. తిప్పండి బాబూ, తరవాతి దాన్లో ఉంటాను” అన్నాడు.

ఎవరూ తిప్పలేదు.

ముందుగా తేరుకున్నది సంపూర్ణమ్మ. “ఏవండీ! ఆవిడ పక్కన పీటల మీద మీరు కూర్చున్నారేంటండీ?”

“నేనెప్పుడు కూర్చున్నానే!”

“కూర్చోకుండానే కనబడుతున్నారా? నా కళ్ళు పేలిపోయాయా? ఆవిడ నీళ్ళు పోస్తుంటే మీరు కడుగుతున్నారు, మొగుడూ పెళ్ళాల్లాగా! నేనున్నది ఎందుకు, గాడిపొయ్యి దగ్గర పొగ మింగడానికా?”

“నీ మొహం! ఆ టైములో నేను భోజనాల బంతిలో ఉన్నాను!”

“మరి ఆ బుగ్గలో ఏంటా ఉబ్బు?”

తాతాజీ టీవీ దగ్గరకెళ్ళి తన బుగ్గని తనే పరకాయించి చూసుకున్నారు. దొరికిపోయిన దొంగలా గొణిగారు. “బూరె.”

పూర్ణం బూరె. కాళ్ళు కడిగే పవిత్ర ఘడియలో పెళ్ళికూతురి తండ్రి నోట్లో, సంపూర్ణమ్మ దగ్గరుండి వేయించిన పూర్ణం బూరె, సంపూర్ణంగా.

వీరమ్మ అప్పటికి కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఆవిడకి ఫోటోల మాయలు తెలీవు. శాస్త్రం తెలుసు. “ఒరే తాతాజీ, పిల్లని నువ్వే ధారపోశావేంట్రా? కాళ్ళు కడిగినోడే కదరా పిల్లకి తండ్రి. అయితే ఇది నీకు కూతురు. కూతురైతే వీడికి చెల్లెలు. చెల్లెలి మెడలో తాళి కట్టించావేంట్రా దరిద్రుడా!”

“అమ్మా, నువ్వు నోర్ముయ్!”

“నేను మూసుకుంటే ఊరు మూసుకుంటదా? ఇంత పుస్తకం అచ్చేయించాక?”

తాతాజీ మీసం మొట్టమొదటిసారి వణికింది. ఆ ఆల్బం రేపు చుట్టాలిళ్ళకి వెళ్తుంది. ప్రతి ఇంట్లోనూ ఆ పేజీ దగ్గర ఆగుతారు. ఆయన జీవరాజు కాలరు పట్టుకున్నారు. “నా తలకాయ తీసుకెళ్ళి ఆ చేపలోడి మెడ మీద పెడతావురా!”

అప్పటికి తిరిగింది హాల్లో అందరి చూపూ త్రిమూర్తులు వైపు. చేపలవాడి మెడ మీద ఇంకా తల ఉంది. అది కదలడం లేదు.

వీరవేణి కుర్చీ వెనక నుంచి వచ్చి, టీవీ ముందు నిలబడి, తెర మీద ఆ రెండు చేతులపై వేలు పెట్టింది.

“ఇవి మా నాన్న చేతులు.”

“వేణీ, కూర్చో. ఏదో పొరపాటు…” అన్నాడు గణేష్‌బాబు.

“చూపుడువేలికి సగం గోరే ఉంది చూశారా? ఇదిగో ఈ అడ్డగీతలు, వల తాడు లాగీ లాగీ కోసుకుపోయినవి. నా చిన్నప్పుడు ఈ గీతల్లోంచి రక్తమొస్తుంటే మా అమ్మ పసుపద్దేది. మావయ్యగారి చేతులు ఇలా ఉంటాయా? నాన్నా, ఇలా రా. చెయ్యి చూపించు.”

త్రిమూర్తులు తొడ కింద నుంచి చెయ్యి తీశాడు. జుట్టురంగు అంటిన చెయ్యి. కూతురు దాన్ని పట్టుకుని తెర పక్కన పెట్టింది. ఇంక రుజువులక్కర్లేదు.

“చేతులుంచుకుని తల తీసేశారు” అంది వీరవేణి. “అత్తయ్యగారూ, పెళ్ళిలోనే మీరు అన్నారు, ‘ఈయన మొహం ఆల్బంకి దిష్టిబొమ్మ’ అని. మీరే కదూ చేయించింది?”

“అన్నాను. ఇప్పుడూ అంటాను!” సంపూర్ణమ్మ గొంతు లేపింది. “మీ నాన్నంటే నాకు పడదు, మీ చేపలంటే పడదు, నిజం చెప్పాలంటే నువ్వన్నా పడదు. పడదని నీ మొహమ్మీదే చెబుతాను గానీ చాటుమాటున మనిషిని తుడిపించే ఖర్మ నాకేంటే? అయినా తీయించేదాన్ని అయితే, మీ అమ్మ పక్కన నా మొగుణ్ణి కూర్చోబెట్టుకుంటానా?”

ఆవిడ మాట ఎంత కటువో అంత సత్యం. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆవిడ నోటికి ఎప్పుడూ రాలేదు.

“పోనీ నువ్వేనా తాతాజీ?” అంది వీరమ్మ.

“నా తల నేనే కొట్టేసుకుని అక్కడ పెట్టించుకుంటానా అమ్మా!”

మిగిలింది జీవరాజు. అతని కాలరు తాతాజీ చేతిలో, కళ్ళు నేల మీద.

“అందులో మా తప్పేం లేదండి. ఎడిటింగ్ మేం చెయ్యమండి. హార్డ్ డిస్కు బెజవాడ పంపించేస్తాం, అక్కడ ఎడిటర్లుంటారు. వాళ్ళకి మీరెవరో, మేమెవరో తెలీదండి. ‘పెళ్ళికూతురి ఫాదర్ తల తీసేసి ఎవరైనా పెద్దమనిషి తల పెట్టాలి’ అని ఆర్డరు వచ్చింది. నేను అదే పంపించాను. ఆ చేసేవాడికి కావాల్సింది ఏంటండీ? కిందికి వంగిన తల. ఎడమ పక్క నుంచి లైటు పడ్డ తల. ఏడువేల ఫోటోల్లో వెతికితే అంత వంగిన తల ఒక్కటే దొరికిందట. భోజనాల్లో అందరూ కెమెరా వంక చూశారండి. మీరొక్కరే విస్తరి వంక చూశారు.”

తాతాజీ కాలరు వదిలేశారు.

“నువ్వు చూసుకోవద్దా మరి?” అంది సంపూర్ణమ్మ.

“సీజనండి. ముందు ఇంకో పెళ్ళి, వెనకాల ఇంకో పెళ్ళి. అన్ని ఫోటోలు ఎవరు చూస్తారండీ? మీరు చూశారా? లింకు పంపి ఎనిమిది నెలలైంది, సెలక్షన్ చేసుకోండని. ఒక్కళ్ళు ఓపెన్ చెయ్యలేదండి.”

అదీ నిజమే. తీసేవాడు చూడలేదు, తీయించుకున్నవాళ్ళు చూడలేదు. మొత్తం మీద ఆ పెళ్ళిని ఒక్కొక్క ఫోటోగా శ్రద్ధగా చూసినవాడు బెజవాడలో ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు. అతను చూసింది కూడా తలలు సరిపోతాయా లేదా అని.

త్రిమూర్తులు నెమ్మదిగా తన చెయ్యి పైకెత్తి కొత్త క్రాపుని తడుముకున్నాడు.

“అంటే బాబూ, పెళ్ళికూతురి తండ్రిని క్రాప్ చెయ్యాలన్నది… ఇదాండి?”

తలుపులమ్మ మొగుడి వంక చూసి, నెత్తి వంక చూసి, చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ముస్తాబు చేసి మరీ తీసుకొచ్చింది కదా ఆయన్ని.

“సరే, జరిగిందేదో జరిగింది” అన్నాడు గణేష్‌బాబు గబగబా లేచి. “డిజిటలే కదా. ఇదేమన్నా రాతి మీద చెక్కారా? రెండ్రోజుల్లో మార్పించేస్తాను. పదండి, భోజనాలు చేద్దాం.”

“మార్పించండి. మా నాన్న తల మా నాన్నకి పెట్టించండి” అంది వీరవేణి.

జీవరాజు గొంతు సవరించుకున్నాడు. “ఒరిజినల్ లేదమ్మా.”

“లేకపోవడం ఏంటండీ?”

“డిలీట్ చేయించేశారమ్మా. కార్డుల్లోదీ, డిస్కులోదీ, బ్యాకప్‌లోదీ, మీకు పంపిన లింకులోదీ. దగ్గర కూర్చుని మరీ చేయించారు. నేను చెప్పాను, ఉండనివ్వండి, ఎక్కడో మూల పడుంటుంది అని. వినలేదు.”

త్రిమూర్తులు అడిగాడు. పిల్లలు అడిగినట్టు అడిగాడు, తెలుసుకుందామనే. “ఆ తీసేసిన తల ఎక్కడ పెట్టారండి?”

“ఎక్కడా పెట్టలేదండి. డిలీట్ అంటే పోవడమే.”

“ఎక్కడో అక్కడ ఉంటది కదండీ. వెనకటికి నల్లరీలు ఒకటుండేది, దాంట్లో ఉండేది.”

“అది ఇప్పుడుండదండి. ఎక్కడా ఉండదండి.”

“ఎక్కడా ఉండదా?”

“ఉండదండి.”

త్రిమూర్తులు తలూపాడు. ఎప్పుడో గోదాట్లో పోయిన మనిషి గురించి చివరికి ఒప్పుకునేవాళ్ళు అలా ఊపుతారు.

“ఎవరు చేయించారు?” వీరవేణి గొంతు తగ్గింది. “దగ్గర కూర్చున్నది ఎవరు జీవరాజుగారూ?”

“నాకెందుకమ్మా. మీ ఇంటి గొడవ…”

“నా తలకాయని ఎంగిలి బూరెతో సహా ఊరేగించినవాడివి, చెప్పకుండా గుమ్మం దాటవు” అన్నారు తాతాజీ. అంటూ తలుపుకి అడ్డంగా నిలబడ్డారు.

జీవరాజు పెట్టె మూసుకుంటూ, ఎవరి వంకా చూడకుండా చెప్పేశాడు. “మీ అబ్బాయిగారేనండి.”

సోఫాలన్నీ గణేష్‌బాబు వైపు తిరిగాయి.

“ఆఫీసులో మావగారు సీఫుడ్ ఎక్స్‌పోర్టరని చెప్పుకున్నారంటండి. ఆల్బం చూపించమని వాళ్ళు అడుగుతున్నారట. ‘అత్తగారు పర్లేదు, పట్టుచీరలో సరిపోతుంది. ఈయన మొహం మాత్రం ఎలా చూపించను? ఎక్స్‌పోర్టరు ఇలా ఉంటాడా?’ అన్నారండి. ‘పెద్దమనిషి తల’ అన్నది సారు మాటేనండి. ఎవరి తలో ఆయన చెప్పలేదు, బెజవాడవాడు అడగలేదు. అంతేనండి జరిగింది.”

అందరికీ అర్థమైపోయింది, పడక్కుర్చీలో వీరమ్మతో సహా. కొడుకు తండ్రి తలని తెలీక మామ మెడకి అతికించాడు. తెలిసి మాత్రం మామ తలని తీయించాడు. పొరపాటు మొదటిదే. రెండోది పొరపాటు కాదు.

“ఒరే గణేషూ” అంది సంపూర్ణమ్మ. ఆవిడ నోట్లోంచి అంత చిన్న మాట ఆ ఇల్లు ఎప్పుడూ వినలేదు.

“నీ కోసమే వేణీ!” గణేష్‌బాబు చెమట తుడుచుకున్నాడు. “రేపు మావాళ్ళెవరైనా నిన్ను తక్కువగా చూడకూడదనే కదా. నువ్వు నా పక్కన తలెత్తుకు తిరగాలనే.”

“దానికి మా నాన్న తల తీయించాలా?”

“ఒక్క ఫోటోయే కదా!”

త్రిమూర్తులు లేచాడు. ప్లాస్టిక్ కుర్చీని గోడవారకి జరిపి పెట్టాడు, ఎవరికీ అడ్డం కాకుండా. భార్యని చూసి, “పదవే” అన్నాడు. తాతాజీ తలుపు దగ్గర నుంచి తప్పుకున్నారు. తప్పుకుంటూ “బావగారూ” అన్నారు. గొంతులో ముల్లు ఇన్నాళ్ళకి ఊడింది. త్రిమూర్తులు వినిపించుకోలేదో, వినబడినా తనని కాదనుకున్నాడో, గడప దాటి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

వీరవేణి తండ్రి వెనక వెళ్ళలేదు. మొగుడి దగ్గరకీ వెళ్ళలేదు. ఇంకా వెలుగుతున్న టీవీ వైపు తిరిగింది.

“జీవరాజుగారూ, ఉండండి. బెజవాడ వాళ్ళకి ఫోన్ కలపండి.”

“ఎందుకమ్మా?”

“ఈ ఫోటోలో ఇంకో తల తీసెయ్యాలి. ఒరిజినల్‌తో సహా.”

“ఎవ… ఎవరిదమ్మా?”

కాళ్ళు కడుగుతున్న చేతుల మీద నుంచి ఆమె వేలు కదిలింది. పళ్ళెంలోని పాదాల మీదుగా, పట్టుపంచె అంచు మీదుగా, తెర మీద మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది.